మందుపై మందు
(శంషాబాదు ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



2008 మార్చిలో శంషాబాదున విమానాశ్రయము తెరువబడిన పిమ్మట ఈ చుట్టుపట్ల గ్రామములకు దూరదేశపు వస్తువులు సులభముగ వచ్చుచున్నవి. ఇటీవల ఒక గ్రామమున మోకాళ్ల నొప్పులతో బాధపడు పెద్దాయన, తన మనుమడు విదేశమునుండి తెచ్చిన చీనా మూలికల పొట్లమును మాకు చూపినారు. పైనున్న అక్షరములు ఆ యింట నెవరికిని రావు. ప్రొద్దుట రక్తపు పోటు మాత్ర, మధ్యాహ్నము ఊరి వైద్యుని కషాయము, రాత్రి ఈ పొట్లము. "చెట్ల మందే గద సారూ, ఏం జేస్తది?" అని ఆయన ప్రశ్న.

చీనా వైద్యులు మూలికలను పెక్కింటిని కలిపి యోగములుగా వాడుదురు. ఏది దేనితో కలుపరాదో తెలుపు పట్టికలును వారికి గలవు. అందొకదానికి పదునెనిమిది విరోధములని పేరు. మన ఆయుర్వేదమునందును విరుద్ధముల చర్చ చరకుని సంహితలోనే యున్నది. మూలికలన్నియు నిరపాయకరములని ప్రాచీనులు తలపలేదు. ఆ నమ్మకము మనము కల్పించుకొన్నదే.

అతిమధురమునే చూడుడు. చీనా యోగములలో నది తరచుగ నుండును. మన దగ్గు కషాయములలోను ఉండును. రెండు వైపులనుండి దినముల తరబడి అధికముగ చేరినచో ఒంట ఉప్పు, నీరు నిలిచి రక్తపు పోటు పెరుగును, పొటాషియము తరుగును. నీరు తీయు మాత్రలు వాడువారికి ఆ తరుగుదల మరింతయై గుండె లయ తప్పవచ్చును.

పేరులోని పొరపాటు ఇంతకంటె ఘోరము. 1990వ దశకపు ఆరంభమున బెల్జియము దేశపు బ్రస్సెల్సు నగరమున, బరువు తగ్గుటకిచ్చిన మందులో ఫాంగ్‌జీ యను చీనా మూలికకు బదులు అట్టి పేరే గల వేరొకటి చేరినది. సుమారు నూరుగురు స్త్రీల మూత్రపిండములు చెడినవి. కొందరికి తరువాత మూత్రనాళములలో క్యాన్సరు పుట్టినది. ఆ రెండవ మూలికయు, పాము కాటుకు మనవారు నూరి యిచ్చు ఈశ్వరివేరును ఒకే జాతివి, విషమును ఒకటే. పాము కరచినవానికి ఆసుపత్రిలోని సూదిమందే మందు.

మన యొద్దను పేర్ల తికమక తక్కువ కాదు. పాతాళగరుడి యనిన కొందరికి దూసరతీగె, కొందరికి సర్పగంధి. సర్పగంధి రక్తపు పోటును దించును. పోటు మాత్రతో కలిసిన అవసరమునకు మించి దించి, ముసలివారు కళ్లు తిరిగి పడుదురు.

విషద్రవ్యములు గల ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందులపై, వైద్యుని పర్యవేక్షణలోనే సేవింపవలెనను హెచ్చరిక ముద్రింపవలెనని మన నిబంధనలు విధించుచున్నవి. సంతలో నమ్ము పొడులకు చీటీయే యుండదు. అట్టివానిని కొనవద్దని గ్రామసభలో చెప్పుడు. ఆసుపత్రికి పోవువారు తాము మ్రింగునవన్నియు, కషాయపు సీసాతో సహా, ఒక సంచిలో వేసికొని వైద్యునికి చూపవలెను. శస్త్రచికిత్సకు ముందు తప్పక చూపవలెను. ఎవరును తమంతట పోటు మాత్రను మానరాదు.

పెద్దాయన సంచి కట్టుటకు ఒప్పుకొన్నారు. ఖరీదైన మందు తెచ్చితినని మనుమడు మాత్రము మా మీద ఇంకను కినుకతోనే యున్నాడు.