ఇష్టానికి ధర కట్టడం

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో స్త్రీల ఉపాధి కోసం పనిచేస్తున్న కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఫోటోలు తీయడం మీద ఇష్టం వున్న ఆడవాళ్లు దాన్నే పూర్తికాలం వ్యాపారంగా మార్చుకోవడం ఎలా" అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఏ కెమెరా కొనాలి, ఏ లెన్సు వాడాలి అన్నవి నాకంటే బాగా చెప్పేవాళ్లు చాలామంది వున్నారు. నేను సోషియాలజీ మనిషిని. ఆ వాక్యంలోని 'ఇష్టం' అన్న మాట దగ్గరే నాకు పేచీ వుంది. అక్కడినుంచి మొదలుపెడతాను.

మగపిల్లవాడు కెమెరా పట్టుకుంటే పని నేర్చుకుంటున్నాడంటారు. ఆడపిల్ల పట్టుకుంటే ముచ్చట పడుతోందంటారు. పనికి కూలి వుంటుంది, ముచ్చటకి వుండదు. చుట్టాల పెళ్లిలో ఆ అమ్మాయి చేత రెండొందల ఫోటోలు తీయించుకుని, "చెయ్యి బాగా తిరిగింది మే నీకు" అని మెచ్చుకుని, అన్నం పెట్టి పంపిస్తారు. అదే పెళ్లికి వచ్చిన స్టూడియో అతనికి మాత్రం ముందే అడ్వాన్సు అందివుంటుంది. ఇష్టం వుందంటే చాలు, ఆడవాళ్ల పని ఉచితం అయిపోతుంది. వంట, పిల్లల పెంపకం విషయంలో మనం ఎన్నో ఏళ్లుగా చెబుతున్న మాటే ఇది. కెమెరా చేతికి వచ్చినంత మాత్రాన మారలేదు.

నిజానికి మన చిన్న ఊళ్ల స్టూడియోల్లో ఆడవాళ్లు కొత్తగా వచ్చి చేరవలసిన అవసరం లేదు. ఎప్పటినుంచో లోపల వున్నారు. ఫిల్ము రోజుల్లో ఇంట్లోనే ఒక మూల డార్క్ రూమ్ అయ్యేది. ప్రింట్లు కడిగి ఆరబెట్టడం, పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించి కవర్లలో పెట్టడం, ఆల్బమ్ అట్టల మీద అంటించడం, ఇవన్నీ ఇంటి ఇల్లాలి వంతుకి వచ్చే పనులు. ఇప్పుడు రోలు పోయింది, 36 ఫోటోల లెక్క పోయింది. ఒక్క పెళ్లికి వేల ఫోటోలు తీస్తున్నారు. వాటిలోంచి ఏరడం, రంగు సరిచేయడం, కరిజ్మా ఆల్బమ్ డిజైన్ చేయడం కంప్యూటర్ ముందు కూర్చుని చేయాల్సిన పని. అది ఎన్నో చోట్ల భార్యో, చెల్లెలో, నెలకి కొద్దిపాటి జీతం తీసుకునే అమ్మాయో చేస్తోంది. మండపంలో కెమెరా పట్టుకుని కనిపించే మనిషి ఫోటోగ్రాఫర్. కనిపించని మనిషి 'ఇంట్లో సాయం'. బోర్డు మీద పేరు అతనిదో, కొడుకుదో, ఇంటిదేవుడిదో.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. అంకెలు కేవలం ఉదాహరణకి, మీ ఊరి ధరలతో మార్చుకోండి. ఒక పెళ్లి 40,000 రూపాయలకి ఒప్పుకున్నారనుకుందాం. ఆల్బమ్ ప్రింటుకి 10,000, రెండో కెమెరా మనిషికి 5,000, వీడియో మిక్సింగ్‌కి 6,000, బండికీ లైట్లకీ 3,000 పోతే 16,000 మిగులుతుంది. రెండున్నర లక్షలు పెట్టి కొన్న సామాను వంద పెళ్లిళ్లకి పనికొస్తుందనుకుంటే ఒక్కో పెళ్లికి 2,500 అరుగుదల. మిగిలింది 13,500. పెళ్లి రెండు రోజులు, ఏరడం, డిజైను, వాళ్లు చెప్పిన మార్పులు మరో ఆరు రోజులు. మొత్తం ఎనిమిది రోజులకి రోజుకి 1,700 కూడా రాలేదు. ఆషాఢంలో, మూఢంలో ఆ మాత్రం కూడా వుండదు.

ఇక పక్క వీధిలో భార్యాభర్తలు నడిపే స్టూడియో వుంది. అక్కడ ఆ ఆరు రోజుల పనీ భార్య చేస్తుంది. ఆమె కూలి లెక్కలోకి రాదు గనుక అతను అదే పెళ్లిని 33,000కి ఒప్పుకోగలడు. మన అమ్మాయి దగ్గరికి వచ్చిన వాళ్లు "అక్కడ తక్కువకి చేస్తున్నారు కదమ్మా" అంటారు. ఆ అమ్మాయి తన పనితనంలోనే లోపం వుందనుకుంటుంది. లోపం పనితనంలో లేదు. ఆమెకి ఇంట్లో జీతం లేకుండా పనిచేసే భార్య లేదు, అంతే. బజారు ధర అని మనం అనుకునేది చాలాసార్లు ఇంకో ఆడమనిషి ఇవ్వని కూలి. వ్యాపార శిక్షణ ఇచ్చేవాళ్లు 'పోటీ ధర' పాఠం చెప్పేటప్పుడు ఈ మాట కూడా చెప్పాలి. లేకపోతే మన అమ్మాయిలు తమ కూలినే కోసుకుని పోటీకి దిగుతారు.

ఈ వృత్తి ఆడవాళ్లకి కొత్తదేమీ కాదు. లాలా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో పర్దా స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ. కలకత్తాలో అన్నపూర్ణా దత్తా 1919 ప్రాంతంలో ఫోటోగ్రఫీని వృత్తిగా చేసుకుని, పర్దా పాటించే ఇళ్లకి వెళ్లి ఫోటోలు తీశారు. ఆడవాళ్లని మగవాళ్ల కంట పడకుండా దాచిన కట్టుబాటే ఈ స్త్రీలకి పని కల్పించింది. ఆ పర్దాని మనం మెచ్చుకోనక్కర్లేదు, ఆ పనిని తక్కువ చేయనూ అక్కర్లేదు.

హోమాయ్ వ్యారవాలా సంగతి ఇంకా దగ్గరగా తాకుతుంది. మన దేశంలో మొదటి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్‌గా పేరుపొందిన ఆమె (1913-2012) తొలి ఫోటోలు పత్రికల్లో అచ్చయింది భర్త పేరుతో. ఆమె అప్పటికి ఎవరికీ తెలియని మనిషి, పైగా స్త్రీ. 1970లో ఆమె ఆ వృత్తి మానేశారు. పద్మవిభూషణ్ వచ్చింది 2011లో, తొంభై ఏడేళ్ల వయసులో.

మన మూడు ఊళ్లకి వద్దాం. మదనపల్లెలో ముస్లిం కుటుంబాలు గణనీయంగా వున్నాయి. పెళ్లిలో ఆడవాళ్ల వైపు ఫోటోలకి ఆడమనిషి అయితే బాగుండునని కోరే ఇళ్లు వున్నాయి. అది హిందువుల ఇళ్లలోనూ వుంది. పెళ్లికూతురు ముస్తాబయ్యే గదిలోకి, సీమంతానికి, బాలింత గదిలోకి వెళ్లడానికి ఎవరు తగిన మనిషి? ఫోటోలు ఎవరి చేతిలో పడతాయో అన్న భయం ఈ రోజుల్లో ప్రతి తల్లికీ వుంది. చాటుగా ఫోటోలు తీయడం 2013 సవరణతో ప్రత్యేక నేరమయింది, 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద వుంది. చట్టం వుండగానే భయం పోదు. ఆ భయం దగ్గరే నమ్మకస్తురాలైన ఫోటోగ్రాఫర్‌కి గిరాకీ వుంది.

నాకు ఇంకా ఆశ కలిగించేది పెళ్లిళ్లతో సంబంధం లేని పని. నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేస్తారు. ఇప్పుడు చీర కొనేవాళ్లు ముందు ఫోన్లో ఫోటో చూస్తారు. రంగు తేడా వస్తే సరుకు వెనక్కి వస్తుంది. చీర రంగునీ, అంచునీ, మడతనీ ఉన్నదున్నట్టు చూపించే ఫోటోకి ముహూర్తం అక్కర్లేదు, అర్ధరాత్రి ప్రయాణం అక్కర్లేదు. బడుల్లో, కాలేజీల్లో గుర్తింపు కార్డుల పని కూడా అలాంటిదే. ఏడాది పొడుగునా అద్దె కట్టగలిగేది ఈ చిన్న పనులతోనే.

పుంగనూరు పొట్టి ఆవు ఇప్పుడు దేశమంతటా ఫోటోల్లో కనిపిస్తోంది. దానికి మేత వేసే ఆడమనిషి మాత్రం ఫ్రేము బయట వుంటుంది. మా ఊరి ఆవుకి వున్న గిరాకీ మాకు లేదు అని ఇక్కడి ఆడవాళ్లు నవ్వినా తప్పుపట్టలేం. కుప్పం సంగతి వేరు. మూడు రాష్ట్రాల కూడలి, తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే జనం, బెంగుళూరుకి రైలు. అటునుంచి పెద్ద బృందాలు పెళ్లిళ్లకి వస్తాయి, ఇటునుంచి కూడా వెళ్లవచ్చు. భాషలు తెలిసిన అమ్మాయికి అది ఆస్తి.

కానీ వెళ్లడం అన్న దగ్గరే పేచీ. తెల్లవారుజాము ముహూర్తమంటే ముందు రాత్రే మండపంలో వుండాలి. "రేత్రిపూట ఒంటిగా యాడికి పోతావు మే?" అన్న ప్రశ్న ఇంట్లో వస్తుంది. జాతరలో అయితే జనంలో తోపులాట, చేతులు వేయడాలు. జవాబుగా తమ్ముణ్ణి తోడు పంపిస్తారు. నాలుగు పెళ్లిళ్లయ్యేసరికి తమ్ముడు ఫోటోగ్రాఫర్ అవుతాడు, అక్క అసిస్టెంటు అవుతుంది. అందుకని తోడు కావలసివస్తే ఇంకో ఆడమనిషినే, కూలి ఇచ్చి, తీసుకెళ్లాలి. ఒప్పందంలో పడుకోవడానికి గది, తలుపు గడియ, తిరుగు ప్రయాణం రాయించాలి. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం పని మీద వెళ్లిన చోటు కూడా పనిస్థలమే. పదిమంది కంటే తక్కువ పనిచేసే సంస్థల్లో వుండే అమ్మాయిలు జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఆ కమిటీలో ఎవరున్నారో, ఎక్కడ కూర్చుంటారో తెలుసుకుని ప్రతి స్టూడియో అమ్మాయికీ చెప్పవలసినది మనమే.

పెట్టుబడికి దారులు వున్నాయి. ముద్రా రుణంలో శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు హామీ ఆస్తి లేకుండా ఇవ్వాలి. అప్పు పుట్టడం కంటే కష్టమైనది, దానితో కొన్న వస్తువు ఆమె దగ్గర నిలవడం. పొదుపు సంఘంలో ఆమె పేరు మీద అప్పు, మగవాళ్ల చేతిలో వస్తువు, వాయిదా మళ్లీ ఆమెది. మూడు దశాబ్దాలుగా చూస్తున్నాం. కెమెరా బిల్లు, ఇన్సూరెన్సు, ఉద్యం రిజిస్ట్రేషన్, డబ్బు పడే ఖాతా, ఆ ఖాతాకి తగిలించిన ఫోన్ నంబరు, అన్నీ ఆమె పేరు మీద వుండేటట్టు చూడాలి. చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఇంటి డబ్బు ఎవరిదో తేల్చేది ఇప్పుడు ఆ ఫోనే.

చూపు గురించి కూడా ఒక మాట. జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత స్త్రీలు వీడియో కెమెరా నేర్చుకున్నప్పుడు షాట్లకి తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కంటికి కన్ను సమంగా వుండేది సంఘం షాట్. పుస్తకాలు ఎన్ని చదివినా ఇంత సూటిగా చెప్పలేం. మన జిల్లాలో కూడా 2001లో పొదుపు సంఘాల స్త్రీలే విలేఖరులై 'నవోదయం' పత్రిక తెచ్చారు. ఆడవాళ్లు ఈ రంగంలోకి వస్తే కూలితో పాటు చూపు కూడా మారాలని ఆశించడం అత్యాశ కాదనుకుంటాను. అయితే బతుకుతెరువు కోసం వచ్చిన అమ్మాయి మీద ఆ బరువంతా పెట్టకూడదు. సమర్త ఫంక్షన్ ఫోటోలు తీయనని ఆమె అనలేదు. ఆ ఆర్డర్లతోనే అద్దె కడుతుంది. పన్నెండేళ్ల పిల్లని ఎలా నిలబెట్టాలో, ఏ ఫోటో ఫ్లెక్సీకి ఎక్కకూడదో చెప్పగలదు.

బాల్యవివాహం మాత్రం వేరు. అడ్వాన్సు తీసుకునే ఫోటోగ్రాఫర్‌కి తేదీ అందరికంటే ముందు తెలుస్తుంది. 2006 చట్టం జరిపించినవాళ్లనీ, తోడ్పడినవాళ్లనీ కూడా శిక్షిస్తుంది, రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ఆమె ఆర్డరు వదులుకోవాలి అని చెప్పడం తేలిక. 1098కి ఫోన్ చేసింది ఆమేనని ఊళ్లో తెలిస్తే మరి ఆ వీధిలో ఆమెకి పని దొరకదు. అందుకని ఆమె మనకి చెప్పాలి, ఫోన్ మనం చేయాలి, ఆమె పేరు మన నోటినుంచి బయటికి రాకూడదు. పోయిన ఆర్డరు మాట ఏమిటి అని ఆమె అడిగితే దానికీ సంఘం దగ్గర జవాబు వుండాలి.

ఇక హక్కుల విషయం. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. ఉద్యోగంలో భాగంగా తీస్తే యజమాని. అయినా 57వ సెక్షన్ కింద 'ఇది నేను తీసింది' అని చెప్పుకునే హక్కు తీసినవారికి వుంటుంది. స్టూడియోలో జీతానికి పనిచేసే అమ్మాయి రేపు సొంత పని పెట్టుకున్నప్పుడు చూపించుకోవడానికి ఈ మాట పనికొస్తుంది. రెండోవైపు చూడండి. పెళ్లి ఫోటోలు తీయించేది సాధారణంగా పెళ్లికూతురి తండ్రి, లేదా పెళ్లికొడుకు తరఫువాళ్లు. కాబట్టి చట్టం దృష్టిలో ఆ ఫోటోల మీద హక్కు పెళ్లికూతురిది కాదు! షాపు అద్దంలో పెట్టాలన్నా, ఇన్‌స్టాగ్రామ్‌లో వేసుకోవాలన్నా తండ్రి సరేనంటే చాలునన్నట్టుగానే నడుస్తోంది. మన ఫోటోగ్రాఫర్లు ఒప్పంద కాగితంలో పెళ్లికూతురి సంతకం కోసం ఒక గీత పెట్టవచ్చు. ఖర్చేమీ లేదు.

ఆ కాగితం ఒక పేజీకి మించనక్కర్లేదు. ఎన్ని రోజులు, ఎన్ని ఫోటోలు, ఎన్నిసార్లు మార్పులు, అడ్వాన్సు ఎంత, ఆల్బమ్ ఇచ్చేముందు ఎంత, గది, ప్రయాణం, ఫోటోల వాడకానికి పెళ్లికూతురి అంగీకారం. తెలుగులో ఒకటి, కుప్పం వాళ్ల కోసం తమిళంలో, కన్నడంలో ఒక్కొక్కటి. భోజనాల తర్వాత కూర్చుని రాద్దాం. అడ్వాన్సు సగం తీసుకోవాలని నేనంటాను, మూడో వంతు కూడా పుట్టదని మీలో కొందరు ఇందాక అన్నారు. అది మాత్రం మీరే తేల్చాలి.