యువకుల చేతికి అతివేగ వాహనాలు ఇవ్వదగునా?



షోలాపూరు పూర్వభాగంలో నిలిచి స్పోర్ట్స్ కారును గురించి ఉపన్యసించడం కొందరికి వింతగా తోచవచ్చును. సాఖర్‌పేఠ సందులలో అటువంటి కారు మలుపు తిరగవలెనంటే ముందు నలుగురు తమ సైకిళ్ళు తీసి దారి ఇవ్వవలసి వస్తుంది. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, మహబూబ్‌నగరం ప్రాంతాల నుండి చేతి విద్యనే ఆస్తిగా నమ్ముకొని వలస వచ్చిన పద్మశాలీల ముంగిళ్ళలో చాలాకాలం సైకిలే గొప్ప వాహనం. అయినప్పటికీ ఈ ప్రశ్న ఈ వాడకు దూరమైనది కాదు. అది వచ్చిన దారి 65వ జాతీయ రహదారి. ఆ దారికి పడమట పుణె, తూర్పున హైదరాబాదు, నడుమ షోలాపూరు. యౌవనం, బలమైన యంత్రం, తండ్రి సొమ్ము, ఈ మూడూ ఒకచోట చేరితే ఏమి జరుగగలదో ఆ రెండు నగరాలూ చూచినవే.

2024 మే 19వ తేదీ తెల్లవారుజామున సుమారు రెండున్నర గంటలకు పుణె కల్యాణీనగర్‌లో ఒక పోర్షే టైకాన్ కారు మోటారు సైకిలును ఢీకొన్నది. మోటారు సైకిలుపై నున్న ఇద్దరు ఇంజనీర్లు మరణించారు. ఇద్దరికీ ఇరవైనాలుగేళ్ళు. కారు నడిపినట్లు పోలీసులు చెప్పిన బాలునికి పదిహేడేళ్ళు. బాలన్యాయ మండలి ఆనాడే బెయిలు మంజూరు చేస్తూ, ప్రమాదాలను గూర్చి మూడు వందల మాటల వ్యాసం వ్రాయుమని షరతు విధించగా దేశమంతటా నిరసన చెలరేగింది. అటుపై బాలుని పరిశీలనా గృహానికి పంపుట, ఉన్నత న్యాయస్థానం విడుదల చేయుట, రక్తనమూనా మార్చారన్న ఆరోపణపై వైద్యులను అరెస్టు చేయుట, చివరకు 2025 జూలైలో అతనిని వయోజనునిగా విచారించాలన్న పోలీసుల కోరికను మండలి తిరస్కరించుట, ఇవన్నీ పత్రికలు చదివేవారికి తెలిసినవే. అంతగా చర్చకు రాని చిన్న సంగతి మరొకటి ఉన్నది. ఆ కారుకు శాశ్వత రిజిస్ట్రేషను కాలేదు. చెల్లించక ఆగిపోయిన రుసుము 1,758 రూపాయలని రవాణా శాఖ అధికారులు వెల్లడించారు. కోటి రూపాయలకు పైబడిన కారు కొనగలిగిన ఇంట ఆ చిన్న మొత్తం చెల్లించేందుకు తీరిక లేకపోయింది. డబ్బు లేక కాదు, నియమాన్ని లెక్కచేసే అలవాటు లేక.

ఇక తూర్పు దిక్కు. 2011 సెప్టెంబరు 11న హైదరాబాదు బాహ్యవలయ రహదారిపై భారత క్రికెట్ మాజీ సారథి అజహరుద్దీన్ కుమారుడు వేయి సి.సి. స్పోర్ట్స్ బైకుపై వెళ్తూ ప్రమాదానికి గురై అయిదు రోజులకు మరణించాడు. వయస్సు పందొమ్మిది. వెనుక కూర్చున్న పదహారేళ్ళ బంధువు కూడా దక్కలేదు. ద్విచక్ర వాహనాలకు ప్రవేశమే లేని దారి అది. 2017 మే 10న ఆంధ్రప్రదేశ్ మంత్రి పి. నారాయణ కుమారుడు, అతని మిత్రుడు ప్రయాణిస్తున్న మెర్సిడెస్ కారు జూబ్లీహిల్స్‌లో మెట్రో స్తంభాన్ని ఢీకొని ఇద్దరూ కన్నుమూశారు. పుత్రశోకం అనుభవించిన కుటుంబాలను నిందించుటకు కాదు ఈ ప్రస్తావన. ధనం, కీర్తి, అధికారం ఏవీ ఆ క్షణాన అడ్డుపడలేవని గుర్తించుటకు మాత్రమే.

నేతగాండ్ర పేటలలో పోర్షే లేదు, నిజమే. కానీ దాని తమ్ముడు వచ్చి చాలా ఏళ్ళయినది. 1985లో వచ్చిన యమహా ఆర్.ఎక్స్. 100 ఒక తరం కుర్రకారుకు కలల బండి. దాని శక్తి పదకొండు అశ్వశక్తులు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కారు శక్తి నలభైకి లోపు, అందులో నలుగురు కుటుంబ సభ్యులు సుఖంగా కూర్చుండేవారు. పుణె సమీపాన చాకణ్‌లోని బజాజ్ కర్మాగారంలో తయారై 2013లో విపణికి వచ్చిన కె.టి.యం. డ్యూక్ 390 మోటారు సైకిలు శక్తి నలభైమూడు అశ్వశక్తులు. ఒకప్పుడు ఒక కుటుంబాన్ని మోసిన యంత్రబలం కంటె ఎక్కువ బలం, ఆ కారు బరువులో నాలుగవ వంతు మాత్రమే ఉన్న బండిపై, ఇంకా మీసకట్టు సరిగా రాని కుర్రవాని తొడల నడుమ ఉన్నదన్నమాట. కాబట్టి ధనికుల కారును గురించి వేసిన ప్రశ్న కండెలు చుట్టే ఇంటి ప్రశ్న కూడా అవుతుంది.

యువకుల పక్షాన చెప్పదగిన మాటలు లేకపోలేదు. వాటిని తేలికగా తీసివేయుట న్యాయం కాదు. పద్దెనిమిదేళ్ళు నిండినవాడు ప్రభుత్వాన్ని ఎన్నుకోవచ్చునని 1989లో అరవైఒకటవ సవరణ ద్వారా రాజ్యాంగమే అంగీకరించింది. పాలకుని ఎన్నుకొనగలవానికి బండిని ఎన్నుకొనే తెలివి లేదనడం ఎట్లు పొసగుతుంది? స్వార్జితంతో కొనేవానిని అడ్డుకొనే హక్కు ఎవరికున్నది? మరొక వాదం ఇంకా బలమైనది: దూకుడుగా నడిపేవాడు ఏ బండినైనా అట్లే నడుపుతాడు, నేరం మనిషిదే గాని యంత్రానిది కాదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. అందులో నూటికి డెబ్బయి ఒక్కరి మరణానికి అతివేగమే కారణం. వీరందరినీ స్పోర్ట్స్ కార్లు చంపలేదు గదా అని ఆ వాదులు అడుగుతారు.

సమాధానం కాలంలో ఉన్నది. సాధారణమైన బండి నూరు కిలోమీటర్ల వేగం అందుకొనుటకు సమయం పడుతుంది. ఆ సమయంలో ఇంజను మొరాయిస్తుంది, బండి వణుకుతుంది, నడిపేవానికి భయం వేస్తుంది. ఆ భయమే అతనికి గురువు. టైకాన్ వంటి విద్యుత్ కార్లలో కొన్ని రకాలు మూడు సెకన్ల లోపుననే ఆ వేగాన్ని అందుకొంటాయి, అదీ ఇంజను ధ్వని లేకుండానే. భయం పుట్టే వ్యవధి అక్కడ లేదు. గంటకు ఏబది కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు పద్నాలుగు మీటర్లు. అడ్డు కనబడిన పిమ్మట కాలు బ్రేకుపైకి చేరుటకు ఒక సెకను పట్టిందనుకొన్నా, బ్రేకు పడకముందే బండి పద్నాలుగు మీటర్లు దాటిపోతుంది. వేగం రెట్టింపైతే ఈ దూరం రెట్టింపు, బ్రేకు పడిన తరువాత ఆగుటకు పట్టే దూరం మాత్రం నాలుగింతలు. ఇది తొమ్మిదవ తరగతి భౌతికశాస్త్రమే.

ఈ లెక్కను పూర్వభాగం వీథికి అన్వయించి చూడవచ్చును. ఇంటి ముందరి గదిలో మరమగ్గాలు ఆడుతుంటాయి. ఆ చప్పుడులో హారను వినబడదు. ఉదయాన బీడీలు బుట్టలో పెట్టుకొని కార్ఖానాకు వెళ్ళే తల్లులు గుంపులుగా నడుస్తారు. గడప దిగితే వీథియే, పిల్లలు ఆ గడపలపైనే ఆడుకొంటారు. శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయ స్వామి రథం కదిలే వేళ నేల కనబడనంత జనం. ఇటువంటి చోట పద్నాలుగు మీటర్లంటే మూడు నాలుగు ఇండ్ల గడపలు.

వేగమే పాపమని చెప్పుట కూడా సరికాదు. వేగాన్ని విద్యగా అభ్యసించినవారు దక్షిణ దేశంలోనే ఉన్నారు. కోయంబత్తూరులో లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్, మారుతి 800 ఇంజనుతో పందెపు కార్లు కట్టించి, తక్కువ ఖర్చుతో యువకులకు ఆ విద్య అందేటట్లు చేశాడు. 1995లో విమాన ప్రమాదంలో అతడు మరణించిన తరువాత ఆ ఊరి పందెపు బాటకు అతని పేరే పెట్టారు. నూలు మిల్లుల కుటుంబం నుండి వచ్చినవాడు మోటారు పందేలకు గురువైనాడన్నది నేతవాడలో గుర్తుంచుకొనదగిన విశేషం. ఆ చిన్న ఇంజను కార్లపై తొలి పందేలాడిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడైనాడు. అత్యంత వేగవంతమైన కారును అతడు మొట్టమొదట ముట్టలేదు. ముట్టిన తరువాత కూడా అది నడిచినది పాదచారులు లేని బాటపై, శిరస్త్రాణంతో, చుట్టూ కాపలాదార్లతో.

ఈ మెట్ల వరుస నేతపనిలో పుట్టిన బిడ్డలకు కొత్త కాదు. వచ్చిన మొదటినాడే జకార్డు మగ్గం ఎవరూ ఎవరికీ అప్పగించలేదు. ముందు కండెలు చుట్టడం, పిదప తెగిన పోగు అతకడం, ఆ పిదపనే మగ్గం ముందు నిలబడడం. మరమగ్గంలో నుండి నాడె ఎగిరి ముఖానికి తగిలిన దెబ్బలు ఈ పేటలలో ఎందరో చూచినారు. అందుచేతనే చేయి కుదురుకొన్నంత వరకు పెద్దవాడు ప్రక్కన ఉండేవాడు. దుప్పటి నేర్పుటకు ఇంత జాగ్రత్త పాటించిన వాడలోనే కుమారుడు పదవ తరగతి దాటగానే బండి తాళం మాత్రం ఒక్కసారిగా చేతిలో పెట్టే ఆచారం ఎట్లు వచ్చిందో ఆలోచించవలసి ఉన్నది. ఫలానావారి అబ్బాయికి కొన్నారు, మా వానికి ఎందుకు తక్కువ చేయాలి అన్న మాట పెండ్లి పందిళ్ళలో తరచుగా వినబడేదే.

చట్టంలోనూ ఈ మెట్లు లేవు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆటోరిక్షా వంటి రవాణా వాహనం నడుపుటకు ఇరవై ఏళ్ళు నిండవలెను. సొంత కారుకు పద్దెనిమిది చాలును. ఆ ఒక్క లైసెన్సు మారుతి 800కూ ఆరువందల అశ్వశక్తుల కారుకూ సమానంగా చెల్లుతుంది. గేరు మోటారు సైకిలు లైసెన్సు సంగతీ అంతే. పది అశ్వశక్తుల ఆటో నడిపి ఇల్లు నెట్టుకొచ్చే పేదవాని విషయంలో చూపిన శంక, విలాసానికి బండి కొన్నవాని విషయంలో చూపలేదు. ఐరోపా దేశాలు వేరు మార్గం పట్టాయి. అక్కడ మోటారు సైకిళ్ళకు మూడు అంతస్తులున్నవి. మొదటిది సుమారు పదిహేను అశ్వశక్తుల వరకు, రెండవది సుమారు నలభైఏడు వరకు. సాధారణంగా రెండవ దానిపై రెండేళ్ళు గడిపినవారికే, అదీ ఇరవై ఏళ్ళు నిండిన పిమ్మటనే, హద్దులేని బండి. ఆర్.ఎక్స్. 100 ఆ లెక్కన మొదటి మెట్టు, డ్యూక్ రెండవది. పందొమ్మిదేళ్ళ యువకునికి వేయి సి.సి. బండి అక్కడ అందదు. ఇటలీలో కొత్తగా లైసెన్సు పొందినవారు నడుపదగిన కారు శక్తికి పరిమితి ఉన్నది. తొలి ఏడాదికే వర్తించిన ఆ పరిమితిని 2024 డిసెంబరు నుండి మూడేళ్ళకు పెంచారు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రాలు టన్ను బరువుకు 130 కిలోవాట్లు మించిన కార్లను కొత్త డ్రైవర్లకు నిషేధించాయి. ఇవి యువకులను అవమానించే శాసనాలు కావు. కొనవద్దని చెప్పుట లేదు, వరుస తప్పవద్దని మాత్రమే చెప్పుచున్నవి. ఈ దేశంలో కూడా కావలసినది ఇదే. యాజమాన్యాన్ని నిషేధిస్తే బండి తండ్రి పేరనో మామ పేరనో వస్తుంది, నడిపేవాడు మాత్రం మారడు. లైసెన్సులో మెట్లు పెడితే ఆ దొంగదారి మూసుకొంటుంది.

అంతవరకు చట్టం చేయగలిగినది జరిగిన తరువాతి పని. 2019 సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకునికి లేదా యజమానికి మూడేళ్ళ వరకు జైలు, ఇరవైఅయిదు వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. ఆ బాలునికి ఇరవైఅయిదేళ్ళు నిండేవరకు లైసెన్సు రాదు. ఇక నష్టపరిహారం. లైసెన్సు లేనివాడు నడిపిన పక్షంలో బీమా సంస్థ బాధితులకు చెల్లించినా, ఆ మొత్తాన్ని యజమాని నుండి రాబట్టుకొనేందుకు న్యాయస్థానాలు అనుమతించిన సందర్భాలు అనేకం. పుణె బిల్డరుకు అది ఒక పద్దు కావచ్చును. నాలుగు మగ్గాల వానికి అవి ఆ నాలుగు మగ్గాలే.

కుమారుడు బండి అడిగిననాడు ఆ ఇంట జరుగవలసిన సంభాషణలో ధర, వాయిదా, రంగు మాత్రమే కాక, రిజిస్ట్రేషను పుస్తకంలో ఎవరి పేరు వ్రాస్తారన్నది కూడా రావలెను. ఆ పేరు తండ్రిదైతే బండి ఎంత శక్తిగలదై ఉండవలెనో నిర్ణయించే అధికారమూ తండ్రిదే. తొలి రెండేళ్ళు నూరు సి.సి. బండి, చేయి కుదిరిన తరువాత తరువాతి మాట.