అద్దె బండికి సొట్ట పెట్టినదెవరు?
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కోస్తాలో అద్దె అన్నను, సీమలో బాడుగ అన్నను, తెలంగాణమున కిరాయి అన్నను, పరుల బండిని కొంతకాలము వాడుకొని తిరిగి అప్పగించుట మన గ్రామములకు క్రొత్త కాదు. పూర్వము ఎడ్లబండిని, జట్కాను తెచ్చుకొనెడివారు. నేడు పెండ్లికి కారును, దుక్కికి పవర్ టిల్లరును, ఇటుకలు తోలుటకు ట్రాక్టరు ట్రాలీని తెచ్చుకొనుచున్నారు. డ్రైవరుతో వచ్చిన బండి విషయములో చిక్కు తక్కువ. డ్రైవరు లేకుండ, తామే నడుపుకొనునట్లు తెచ్చిన బండి విషయములోనే తగవులు పుట్టుచున్నవి.

తగవు స్వరూపము మీకు తెలియనిది కాదు. పట్టణములో 10,000 రూపాయలు అడ్వాన్సు కట్టి, ఒక రైతు కొడుకు రెండు దినములకు కారు తెచ్చినాడనుకొనుడు. పెండ్లి అయినది, బండిని తిరిగి అప్పగించినాడు. మూడవనాడు యజమాని ఫోను చేసి, "బంపరు పగిలినది, తలుపునకు సొట్ట పడినది, 18,000 అగును. అడ్వాన్సు పోను మరి 8,000 పంపుము" అనును. "మా చేతిలో ఏమియు తగులలేదు" అని కుర్రవాడనును. చివరకు ఇరువురును పెద్దమనుషుల వద్దకు వచ్చెదరు. పెద్దమనుషులు ఇరువురి మాటలు విని, "పోనిండు, చెరి సగము భరించుకొనుడు" అని లేచెదరు.

ఈ చెరి సగము తీర్పును గూర్చియే మేము ముఖ్యముగా మనవి చేయదలచినాము. కుర్రవాడు బండికి హాని చేయనిచో, 9,000 రూపాయలు ఊరక పోగొట్టుకొనును. చేసియున్నచో, యజమాని అంత సొమ్ము న్యాయము లేకుండ నష్టపోవును. ఈ ఆచారము తెలిసిన యజమాని 9,000 నష్టమునకు 18,000 అడుగుట నేర్చుకొనును. అందుచేత సొమ్ము మాట ఎత్తుటకు ముందు, హాని ఎప్పుడు జరిగినదో తేల్చుట అవసరము.

చట్టమేమి చెప్పుచున్నది? భారత కాంట్రాక్టు చట్టము 1872వ సంవత్సరపుది. తిరిగి ఇచ్చు షరతుపై వస్తువును అప్పగించుటను ఆ చట్టము బెయిల్‌మెంటు అనును. 148వ సెక్షను మొదలుగా దీని నియమములున్నవి. ఆ కాలమున మన రోడ్లపై మోటార్లు లేవు గనుక, ఉదాహరణములు గుర్రములను గూర్చియు, గుర్రపు బండ్లను గూర్చియు ఉన్నవి. బెనారసుకు పోవుదునని చెప్పి కలకత్తాలో ఒకడు గుర్రమును అద్దెకు తీసికొని, కటకమునకు పోయినాడట. జాగ్రత్తగానే స్వారి చేసినను గుర్రము దారిలో పడి దెబ్బ తిన్నది. నష్టము అతడే ఇచ్చుకొనవలెనని 154వ సెక్షను చెప్పుచున్నది. ఏలనగా ఒప్పుకొన్న దారి విడిచినాడు. తన స్వారికని తెచ్చిన గుర్రమును బంధువున కిచ్చినవానికి కూడ ఇదే గతి. అల్లుని పేర తెచ్చిన కారును బావమరది నడిపినప్పుడు ఈ గుర్రమును జ్ఞాపకము చేసికొనవలెను.

యజమానికి కూడ బాధ్యత కలదు. అద్దెకిచ్చిన గుర్రపుబండి చెడిపోయియుండి, దానివలన ప్రయాణికునికి దెబ్బ తగిలినచో, చెడిపోయిన సంగతి యజమానికి తెలియకపోయినను బాధ్యత అతనిదే అని 150వ సెక్షను శాసించుచున్నది. బ్రేకులు సరిగా పట్టని బండినిచ్చి, అది గట్టునకు తగిలినదని నష్టపరిహారమడుగుట చెల్లదు. ఇక 151వ సెక్షను ప్రకారము, సామాన్య వివేకము గలవాడు తన సొంత వస్తువును ఎట్లు చూచుకొనునో అట్లు చూచుకొనినచో చాలును. అట్లు చూచుకొన్నవానికి, వేరు ఒప్పందము లేనప్పుడు, నష్టబాధ్యత లేదని తరువాతి సెక్షను చెప్పును. "వేరు ఒప్పందము లేనప్పుడు" అను మాటను గమనింపుడు. సంతకము చేసిన కాగితములో సకల నష్టములకును నేనే బాధ్యుడనని వ్రాసియున్నచో సంగతి మారవచ్చును. చదువకుండ సంతకము చేయుట మనవారి అలవాటు. ఆ అలవాటునకు ఖరీదు ఇచ్చటనే చెల్లింపవలసివచ్చును.

మరి ఋజువు చేయవలసినది ఎవరు? బండి మంచిస్థితిలో ఇవ్వబడి, చెడి తిరిగి వచ్చినదని తేలినచో, తాను తగిన జాగ్రత్త తీసికొన్నట్లు చూపవలసిన భారము తీసికొన్నవానిపై పడును. "నేను చేయలేదు" అను ఒట్టు చాలదు. కాని దానికి ముందు, ఇచ్చునప్పుడు బండి మంచిస్థితిలో ఉన్నదని యజమాని చూపవలెను. కావున తగవంతయు రెండు గడియల చుట్టు తిరుగుచున్నది: తాళము చేతికిచ్చిన గడియ, తాళము తిరిగి పుచ్చుకొన్న గడియ.

ఈ రెండు గడియలలో చేయవలసిన పనికి చదువక్కరలేదు. చేతిలోని సెల్‌ఫోనుతో, పగటి వెలుతురున, బండి చుట్టు ఒకసారి తిరిగి వీడియో తీయవలెను. నాలుగు తలుపులు, రెండు బంపర్లు, అద్దములు, చక్రములు, వీలైనంతవరకు బండి అడుగు భాగము, మీటరులోని కిలోమీటర్లు, ఇంధనపు ముల్లు కనబడవలెను. పాత సొట్టలను యజమాని ఎదుటనే వేలితో చూపి మాటలలో చెప్పవలెను. తిరిగి ఇచ్చునప్పుడును ఇట్లే. రాత్రి అప్పగింపవలసివచ్చినచో ఏ పెట్రోలు బంకు దీపముల క్రిందనో తీయవచ్చును. యజమాని లేడని తాళమును పనికుర్రవానికిచ్చి వచ్చుటయే చాల తగవులకు మూలము. అట్లు ఇవ్వక తప్పనిచో, బండి అచ్చటనే ఉండగా ఫొటోలను యజమాని ఫోనునకు పంపి, "బండి అప్పగించితిమి, చూచుకొనుడు" అని ఒక మాట వ్రాయవలెను. తీసిన ఫోనులోనుండి ఆ ఫొటోలను తగవు తీరువరకు తొలగింపరాదు.

ఫొటోలు లేవనుకొనుడు. అప్పుడును బండినే అడుగవచ్చును. రేకుపై పడిన గీత క్రొత్తదైనచో లోహము మెరయుచుండును. పాతదైనచో త్రుప్పు కనబడును, అందు మట్టి కూరుకొనియుండును. వానకాలమున కొలది దినములకే త్రుప్పు వచ్చును గనుక తొందరపడరాదు. బంపరు ప్లాస్టిక్కుది, దానికి త్రుప్పు పట్టదు, ఈ పరీక్ష అచ్చట పనికిరాదు. క్లచ్చి ప్లేట్ల అరుగుదలను, టైర్ల అరుగుదలను రెండు దినములు నడిపినవానిపై మోపుట హాస్యాస్పదము. అవి వేల కిలోమీటర్లపై అరుగునవి. అయితే ఎఱ్ఱదీపము వెలుగుచున్నను ఆపక నడిపి ఇంజను చెడగొట్టినవానిని మేము సమర్థింపము.

హాని తీసికొన్నవాని చేతనే జరిగినదని తేలినచో, అప్పుడు సొమ్ము మాట. అంచనా కాగితము వేరు, బిల్లు వేరు. మరమ్మతు చేయించిన షెడ్డు బిల్లును, మార్చిన పాత భాగమును చూపుమని అడుగుట తప్పు కాదు. బీమా సంస్థ కొంత సొమ్ము చెల్లించియున్నచో, అదే సొమ్మును మరల వసూలు చేయుట న్యాయము కాదు. తెల్ల నంబరు పలక గల సొంత కారును అద్దెకిచ్చు వారు కలరు. స్వయముగా నడుపుకొనుటకు అద్దెకిచ్చు కార్లకు నల్ల పలకపై పసుపు అక్షరములుండుట నియమము. సొంత వాడుక పాలసీ గల బండిని అద్దెకు త్రిప్పినచో బీమావారు క్లెయిము నిరాకరింపవచ్చును. ఆ భారమంతయు తీసికొన్నవానిపై త్రోయబడును. కావున బండి తెచ్చుకొనునప్పుడే పలక రంగు చూడవలెను.

"గీతకు 5,000, సొట్టకు 15,000" అని కాగితములో ముందే వ్రాసియుండుట కూడ కలదు. వ్రాసినంతమాత్రమున అంతయు చెల్లింపవలెనని లేదు. ఆ మొత్తమునకు మించకుండ, సమంజసమైన పరిహారమే ఇప్పింపదగునని కాంట్రాక్టు చట్టము 74వ సెక్షను చెప్పుచున్నది. ముందే కట్టిన సొమ్మును జప్తు చేసికొన్న సందర్భమునకు కూడ ఈ సెక్షను వర్తించునని 1963లో ఫతేచంద్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అది స్థిరాస్తి విక్రయమునకు సంబంధించిన కేసు అయినను, అడ్వాన్సు పట్టుకొని కూర్చున్న యజమానులు తెలిసికొనదగిన సూత్రము.

మీ ఎదుట తగవు తెగనిచో, పంచాయతీ సభ్యులుగా తీర్పు చెప్పి వసూలు చేయించు అధికారము మీకు లేదు. దారి చూపవచ్చును. మొదట, నష్టము ఒప్పుకొనుటలేదనియు, ముందు వెనుక ఫొటోలను, బిల్లును పంపుమనియు యజమానికి వ్రాతమూలకముగా అడిగించుడు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నంబరుపై తెలుగులోనే చెప్పుకొనవచ్చును. తరువాత జిల్లా వినియోగదారుల కమిషను కలదు. 2019 చట్టము ప్రకారము ఫిర్యాదుదారుడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును, బండి ఇచ్చిన నగరమునకు పోనక్కరలేదు. చెల్లించిన ప్రతిఫలము 5 లక్షల రూపాయలలోపైనచో రుసుము లేదు. గడువు 2 సంవత్సరములు. జీవనోపాధికై తానే నడుపుకొను టిల్లరును అద్దెకు తెచ్చిన రైతు కూడ వినియోగదారుడే, వ్యాపారి అని త్రోసివేయుటకు వీలులేదు.

రాజీకి ఇరువురును సిద్ధమైనచో లోక్ అదాలత్ మేలు. అచ్చట కోర్టు రుసుము లేదు. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ న్యాయసేవల సంస్థ న్యాయవాదిని ఉచితముగా ఏర్పరచును. అయితే లోక్ అదాలత్ అవార్డుపై అప్పీలు లేదు. మీరు వెంట వెళ్ళినచో, సంతకమునకు ముందు ఎంత సొమ్ము, ఏ తేదీలోగా, అడ్వాన్సులో ఎంత తిరిగి వచ్చును అను మూడు సంగతులను గట్టిగా చదివి వినిపింపుమని అడుగుడు. యజమాని వద్దనున్న ఖాళీ చెక్కు గాని, అసలు లైసెన్సు గాని అదే దినమున, అచ్చటనే తిరిగి పుచ్చుకొనుడు.