పేకలో లేని పెన్షను: ఇంగ్లీషు మాటల ఆటలో మన కచేరీ మాటలు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించి, మెడికల్ బిల్లుల గురించి చెప్పవలసినవారు చెప్పారు. నేను పెద్దగా ఖర్చు లేని ఒక కాలక్షేపం గురించి మనవి చేస్తాను. అదే స్క్రాబుల్.

దీనిని కనిపెట్టినది ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే అమెరికా ఆర్కిటెక్టు. 1930 దశకపు ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోగా, పత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తున్నదో లెక్కపెట్టి ఆటను రూపొందించాడు. 1948లో జేమ్స్ బ్రూనో దీనికి స్క్రాబుల్ అని పేరు పెట్టాడు. బోర్డు మీద 225 గళ్ళు, సంచిలో 100 బిళ్ళలు. తరచుగా వచ్చే అక్షరానికి 1 మార్కు, అరుదైన క్యూ, జెడ్‌లకు పదేసి. చేతిలోని 7 బిళ్ళలూ ఒకేసారి పేరిస్తే 50 అదనం.

చిక్కంతా క్యూతోనే. దాని తరువాత యు ఉండి తీరాలని బడిలో నేర్చుకున్నాం. కాని క్యూ-ఏ-టి అంటే యెమెన్‌లో నమిలే ఒక ఆకు. ఎస్-యు-క్యూ అంటే అరబ్బుల బజారు. క్యూ-ఐ అంటే చైనావారు చెప్పే ప్రాణశక్తి. దానిని 'చీ' అని పలకాలి. ఇక సి-డబ్ల్యు-ఎం, పలుకు 'కూమ్', వేల్సు భాష మాట; కొండల్లో గిన్నెలాంటి లోయ. ఎవరెస్టు దారిలోని అటువంటి లోయకు 1921లో మాలరీ ఈ పేరే పెట్టాడు.

మనకు మరింత సంతోషం కలిగించేది వేరే ఉంది. తహసీల్దారు, అమీల్దారు, జమీందారు, రైతు, రైత్వారీ, లాఠీ, ఇవన్నీ ఆ పోటీల నిఘంటువులో ఉన్నాయి. 1985లో మన రాష్ట్రంలో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి గాని, ఆ బోర్డు మీద తాలూకా నేటికీ చెల్లుతుంది. అన్నట్టు, ఈ ఆటలో కోటి కన్నా లక్షే ఎక్కువ! 'లాఖ్'కు 11 మార్కులు, 'క్రోర్'కు 7. పెన్షన్, ఎరియర్స్ రెండూ ఏడక్షరాల మాటలే. మొదటిదానికి 59, రెండవదానికి 57. ఇక్కడైతే ఎరియర్స్ వెంటనే చేతికి వస్తాయి.

మా మనుమడు ఇంగ్లీషు మీడియం. తెలుగు చదవడానికి బద్ధకిస్తాడు. 'బాండికూట్' అన్న మాట మన పందికొక్కు నుంచే ఇంగ్లీషులోకి పోయిందని చెబితే నమ్మలేదు. నిఘంటువు తీసి చూశాడు. ఆ సాయంత్రం, "తాతయ్యా, ఇంకా ఏమేం మాటలు పోయాయి?" అని పక్కన కూర్చున్నాడు. ఎన్ని సుద్దులు చెప్పినా రాని ఆసక్తి ఒక పందికొక్కు తెచ్చింది.

కాని అడంగలు, చిట్టా, ఫైసల్ పట్టీ వంటి మాటలను మనవాళ్ళకు ఎవరు చెబుతారు? ఏటా మన సభ్యత్వ పట్టీలో కొన్ని పేర్లు కొట్టివేయవలసి వస్తున్నది. ఆ పేర్లతోపాటు మాటల అర్థాలూ పోతున్నాయి.

అందుచేత కార్యవర్గానికి రెండు మనవులు. ప్రతి రెండవ శనివారం హాలులో ఒక బోర్డు పెట్టించండి. ఇంట్లో ఒంటరిగా ఉన్న సభ్యులను మనమే వెళ్ళి పిలుచుకు వద్దాం. పక్కనే ఒక నోటుబుక్కు ఉంచండి. వచ్చిన ప్రతివారూ తాము పనిచేసిన శాఖలోని ఒక పాత మాట, దాని అర్థం రాసి సంతకం చేయాలి. నా వంతు మొదటి మాట 'జమాబందీ'.

సెలవు.