గోల్కొండ ఖైదీ, కర్నూలు నవాబు
(నంద్యాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఫ్రెంచి ప్రభువు లఫాయెత్ పంతొమ్మిదేళ్ల ప్రాయంలో సముద్రం దాటి, అమెరికా స్వాతంత్ర్యం కోసం పోరాడి, 1777లో బ్రాండీవైన్ యుద్ధంలో గాయపడ్డాడు. అక్కడ ఊళ్లకే ఆయన పేరు పెట్టుకున్నారు. పరాయి రాజ్యానికి బాసటగా నిలిచిన రాకుమారుని కథ మన సీమకూ ఉన్నది. దానిని ఎందరు ఎరుగుదురు?

తుంగభద్రకు ఆవల నిజాం రాజ్యం, ఈవల కర్నూలు నవాబు సీమ. మన నంద్యాల నవాబు సీమలోనిదే. నిజాం నాసిరుద్దౌలా సోదరుడు ముబారిజుద్దౌలా 1815లోనే ఇంగ్లీషువారితో తలపడి గోల్కొండలో నిర్బంధానికి గురయ్యాడు. విడుదలైన తరువాతనూ ఊరకుండలేదు. సయ్యద్ అహ్మద్ బరేల్వీ అనుచరుల బోధనల ప్రభావంతో, కంపెనీ పాలనను కూలద్రోసే ప్రయత్నంలో ఇతర పాలకులను కలుపుకొనజూచాడు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ వారిలో ఒకరు.

1839 జూన్‌లో ముబారిజుద్దౌలాను పట్టి మళ్లీ గోల్కొండకు పంపారు. ఆ శరదృతువులోనే కర్నూలు కోటలో సోదా జరిగింది. కుప్పలుగా ఫిరంగులు, మందుగుండు బయటపడ్డాయి. అక్టోబరు 18న జొహరాపురం వద్ద నవాబు పక్షాన నిలిచిన రొహిల్లాలు, అరబ్బులు కంపెనీ సేనతో పోరాడి ఓడిపోయారు. నవాబును తిరుచిరాపల్లికి తరలించారు. 1840లో అక్కడనే ఆయన హత్యకు గురయ్యాడు. రాజ్యం కంపెనీ వశమైంది. రాకుమారుడు 1854లో గోల్కొండ నిర్బంధంలోనే కన్నుమూశాడు.

నవాబు ఏలుబడిలో రైతు సుఖపడ్డాడని నేను చెప్పను. అది చెప్పడం చరిత్రకు ద్రోహం. అయితే, అది కేవలం మతోన్మాదమని కొట్టిపారేసేవారిని ఒకటి అడుగుతాను: భక్తి పురికొల్పినంత మాత్రాన అది స్వాతంత్ర్య కాంక్ష కాకుండా పోతుందా?

ఏడేళ్లకే, 1846లో, ఆళ్లగడ్డ చేరువలోని ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు చేసి, 1847లో కోవెలకుంట్లలో ఉరికంబమెక్కాడు. ఆ వీరుడు మనందరివాడు. ఆయనను తలచే వేదికల మీదనే ఈ ఇద్దరి పేర్లూ పలకాలని నా విన్నపం. ఒకరి ఘనతను తగ్గించి మరొకరిని నిలబెట్టనక్కరలేదు.

వచ్చే సెలవులలో నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలను కర్నూలుకు తీసుకుపోదాం. కొండారెడ్డి బురుజు చూపి, జొహరాపురం కూడా చూపుదాం. అన్ని ఇళ్ల పిల్లలూ రావాలి, మన ఇళ్లవారే కాదు. బస్సు ఖర్చు పంచుకోదలచినవారు సభ ముగిశాక పేర్లు వ్రాయించండి.