పాతకారు బ్రేకులు



బండి పరుగెత్తుట గొప్పగాదు. నిలువవలసినచోట నిలుచుట గొప్ప. ఎడ్లబండి తోలిన పెద్దలకు ఈ మాట వేఱుగ చెప్పనక్కఱలేదు. పల్లమునకు దిగునపుడు రెండెడ్లును సమముగ వెనుకకు నిగిడి పట్టినగాని బండి తిన్నగ రాదు. ఒకటి పట్టి రెండవది విడిచినచో బండి ప్రక్కకు తిరుగును. నా పాత మోటారుకారునకు సరిగ ఇట్టి యవస్థయే పట్టినది. ఆ సంగతిని, దానివలన నేను నేర్చిన పాఠమును నేడు మీకు మనవి చేసెదను.

మా తాతగారినాటి ఫోర్డుకారు ఒకటి మాయింట నున్నది. అది 1930వ సంవత్సరపు బండి. ‘మోడల్ ఎ’ యను జాతికి చెందినది. 1927 డిసెంబరులో లోకమునకు పరిచితమై, 1932 ఆరంభమువఱకు నలువదియెనిమిది లక్షలకు పైగా తయారైన జాతి యిది. దీని బ్రేకులలో ద్రవము లేదు, గాలి లేదు. కాలితో పెడలు త్రొక్కినంతట బండియడుగున నున్న అడ్డుకడ్డీ తిరుగును. దానినుండి నాలుగు చక్రములకు నాలుగు ఇనుపకడ్డీలు పోవును. అవి లాగగనే, చక్రముతో కూడ తిరుగు డ్రమ్ము అను గుండ్రని గిన్నెలోపల, నెలవంక యాకారమున నున్న రెండు షూలు విచ్చుకొని గిన్నెగోడను ఒరయును. ఆ యొరపిడియే బండి నాపును. బండి వేగమంతయు వేడిగ మాఱిపోవును.

గడచిన కార్తికమాసమున మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని సింహాచలము కొండ దిగుచుంటిని. ఒక మలుపున బ్రేకు త్రొక్కగా బండి నెమ్మదించుటకు మాఱుగ ఎడమకు ఈడ్చుకొనిపోయి, గోడకు మూరెడు దూరమున నిలిచినది. అది ఆటయని తలచి పాప నవ్వినది. నా చేతులు మాత్రము ఇల్లు చేరువఱకు వణకుచునే యుండెను.

ఆ రాత్రియే నిశ్చయించితిని: ఈ కడ్డీల నన్నిటిని పాఱవేసి, నేటి కారులకున్నట్లు ద్రవపుటొత్తిడి బ్రేకులు పెట్టింపవలెనని. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట ఒత్తినచో ఆ యొత్తిడి అన్నివైపులకు సమముగ పోవునని పదునేడవ శతాబ్దమున పాస్కల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చెప్పెను. ఆ సూత్రముపై నడచు బ్రేకులు 1921లో డ్యూసెన్‌బర్గు అను అమెరికా కారునందు నాలుగు చక్రములకును అమర్పబడెను. ఫోర్డువారును 1939 నాటి కారులనుండి వానినే గైకొనిరి. నా బండివంటివి గలవారు పలువురు ఆ తరువాతి ఫోర్డు బ్రేకులను తెచ్చి తగిలించుకొనుటయు కలదు.

గాజువాక ప్రక్కనున్న ఆటోనగరునకు బండిని తీసికొనిపోతిని. లారీల సందడియు, లేతుయంత్రముల రొదయు తప్ప మఱియొకటి వినబడని తావు అది. అచ్చట నా పూర్వశిష్యుడొకడు మేస్త్రిగ నున్నాడు. తరగతిలో ఛందస్సు ఒంటబట్టక నాచేత మొట్టికాయలు తిన్నవాడు. నా నిశ్చయమును విని వాడిట్లనెను: “మాస్టారూ, కడ్డీలు తప్పుచేసినవా, మనము తప్పుచేసితిమా? ముందు అది తేలనిండు.”

చక్రములు విప్పిచూడగా సంగతి తేలినది. కీలుకీలున పిన్నులు అరిగి వదులైనవి. పెడలు ప్రయాణములో సగము ఆ వదులును పూరించుటకే పోవుచున్నది. కుడివైపు ముందుచక్రమున గ్రీజు కాఱి షూపైనున్న లైనింగును తడిపినది. కుడిచక్రము జాఱగా ఎడమచక్ర మొక్కటే పట్టినది. అందుచేతనే బండి ఎడమకు లాగినది. డ్రమ్ములు పలుచని ఉక్కురేకుతో చేసినవి. గుండ్రదనము చెడి కోలవాఱినవి.

“ద్రవపు బ్రేకులు మంచివే; ఒత్తిడి తమంతట సమముగ పంచును, కాలికి శ్రమ తక్కువ. కాని గ్రీజంటిన లైనింగును అవి పట్టింపలేవు. కోలవాఱిన డ్రమ్మును గుండ్రముగ చేయలేవు. పాతరకపు ఒంటిగొట్టపు అమరికలో ఒకచోట కాఱినచో నాలుగు చక్రములకును పట్టు పోవును. ఆ ద్రవము గాలిలోని తేమను పీల్చును గనుక అప్పుడప్పుడు మార్చవలెను. మన సముద్రపుగాలిలో కదలక నిలిచియుండు బండికి సిలిండర్లు త్రుప్పుపట్టును,” అని వాడు చెప్పెను. నేను మాఱుమాటాడలేదు.

రేకుడ్రమ్ములు తీసి పోతయినుప డ్రమ్ములు వేయించితిమి. పలుచని రేకు వేడికి వ్యాకోచించి షూకు దూరమగును. పెడలు లోనికి దిగిపోవును. దళసరి పోతయినుము వేడిని త్రాగి రూపము నిలుపుకొనును. అరిగిన రంధ్రములను తొలిపించి బుషులు, క్రొత్తపిన్నులు వేసిరి. గ్రీజు కాఱకుండ సీళ్లు మార్చిరి. పాత లైనింగులలో ఆస్‌బెస్టాసు ఉండును. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. కనుక మా మేస్త్రి దానిని గాలితో ఊదనీయక, తడిగుడ్డతో తుడిపించి సంచిలో మూటకట్టించెను. క్రొత్త లైనింగు అది లేనిది.

పిమ్మట వాడు నన్ను సుద్దముక్క అడిగెను. జేబులో నుండనే యున్నది, అలవాటు పోదుగదా! డ్రమ్ము లోపల సుద్ద రాచి, షూను ఆనించి త్రిప్పిచూచెను. లైనింగుపై తెలుపు అంటినచోట ఆనినది, అంటనిచోట ఆనలేదు. తెలుపు అంతటను సమముగ పఱచుకొనువఱకు అరగదీసెను. ఆపై నాలుగు చక్రములను పైకెత్తి, పెడలును కొంచెము కొంచెముగ నొక్కియుంచి, ఒక్కొక్కచక్రమును చేత త్రిప్పుచు కడ్డీలను సరిచేసెను. వెనుకచక్రములు రవంత ముందుగ పట్టవలెను. కుడియెడమలు మాత్రము ఒక్కటిగ పట్టవలెను. “పద్యమున ఒక మాత్ర హెచ్చినను నడక చెడునని మీరే చెప్పితిరిగదా,” అని నవ్వెను. మొట్టికాయలు వృథాగాలేదని సంతసించితిని. వానికి ఛందస్సు రాలేదని ఇన్నాళ్లు తలచినందుకు సిగ్గుపడితిని.

ఆదివారము ఉదయమున వాహనములు లేని బాటపై పరీక్షించితిమి. స్టీరింగుపై చేయి సడలించి త్రొక్కినను బండి గీచిన గీతవలె నిలిచినది. నేను నిత్యము దూరప్రయాణములు చేయువాడను కాను గనుక ఇదియే చాలునంటిమి. అట్లు తిరుగువారికి, ఒకటి చెడినను రెండవది పనిచేయు రెండు మార్గముల ద్రవబ్రేకులే మేలని వాడే చెప్పెను. బ్రేకులు బాగుపడినవని తొందర కూడదు. వేగము రెట్టింపైనచో నిలుచుటకు నాలుగింతల దూరము కావలెను. కొండ దిగునపుడు చిన్నగేరులో దిగవలెను.

గ్రామములలోని పెద్దలకు ఒక్కమాట. మీ ట్రాక్టరునకు కుడియెడమలకు వేర్వేఱు బ్రేకుపెడళ్లుండును. పొలమున మలుపు తిరుగుటకు అది సౌకర్యము. రోడ్డెక్కునపుడు ఆ రెంటిని కలుపు కొక్కెమును తప్పక బిగింపుడు. బిగింపక ఒక్కదానిని త్రొక్కినచో, నాడు సింహాచలమున నాకైనదే మీకును కాగలదు. తొట్టిలో కూలిజనము, పిల్లలు ఉందురు. గోడ మూరెడు దూరమున నిలుచునని నమ్మకములేదు.

మొన్న మనుమరాలితో మరల కొండ దిగితిని. ఆ మలుపున బండి తిన్నగ నెమ్మదించినది. “ఈసారి ఆట లేదేమి తాతా?” అని పాప అడిగినది. లేదమ్మా అంటిని. సెలవు.