అలలు లేని ఒడ్డు
(రేడియోలో మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగపాఠం)



సముద్రం చూసొచ్చానని విశాఖపట్నంలో ఎవరైనా అంటే నవ్విపోతారు. డాబామీద బట్టలారేస్తుంటే కనపడే సముద్రాన్ని చూడటానికి ఇటలీ దాకా వెళ్ళాలా తల్లీ అని మా పక్కింటి పిన్నిగారు అననే అన్నారు. నిజమే. కాని పుట్టి బుద్ధెరిగాక సముద్రంలో మోకాలి లోతుకు దిగింది నేను అక్కడే. ఆ సంగతే ఈవేళ మీతో చెప్పుకుందామని.

నా చిన్నప్పుడు మా వీధిలో ఒక కుర్రాడు కార్తీకమాసంలో తెల్లవారుజామున సముద్రస్నానానికి వెళ్ళి తిరిగి రాలేదు. వాళ్ళమ్మ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. ఆనాటినుంచి మా అమ్మ మమ్మల్ని ఇసకదాకానే పోనిచ్చేది. తడి ఇసక తగిలితే వెనక్కి రమ్మని కేక. అలా పెరిగిన నన్ను తీసుకెళ్ళి ఓడ ఇంజనీరుకిచ్చి పెళ్ళి చేశారు! మావారు ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ళమీదే. గాలివాన వార్త విన్నప్పుడల్లా నేను దేవుడి గదిలో దీపం పెట్టడం, ఆయన ఎక్కడో ఎండలో హాయిగా ఉన్నానని ఫోన్ చెయ్యడం - ఇదీ మా సంసారం.

కొన్నేళ్ళ క్రితం ఒక జూన్ నెలలో వారి ఓడ మరమ్మతులకోసం ఇటలీలోని జెనోవా రేవుకు చేరింది. మూడువారాలు పడుతుందన్నారు. భార్యను రప్పించుకోవచ్చని కంపెనీవారు అనుమతి ఇచ్చారు. అమ్మాయిని అత్తగారికి అప్పగించి బయలుదేరాను. ఒక ఆదివారం మావారు "రావోయ్, నీకు భయం లేని సముద్రం చూపిస్తాను" అన్నారు. సరే, అదెలా ఉంటుందో చూద్దామని పులిహోర కట్టుకుని వెళ్ళాను.

జెనోవానుంచి తూర్పుగా రైలెక్కితే కుడివైపంతా సముద్రమే. సొరంగంలోకి దూరడం, బయటికి రావడం, మళ్ళీ దూరడం. ముప్పావుగంటలో కమోలి అనే ఊళ్ళో దిగాం. ఒడ్డునే ఆరేడంతస్తుల ఇళ్ళు, ఒకదాన్నొకటి ఆనుకుని, పసుపు, గులాబి, కావిరంగుల్లో నిలబడి ఉంటాయి. కొన్ని గోడలమీద కిటికీలు అసలు కిటికీలే కావు, రంగులతో వేసిన బొమ్మలు! చేపలు పట్టేవాళ్ళు నీళ్ళమీంచి తమ ఇల్లు ఏదో పోల్చుకోవడానికే ఈ రంగులని చెబుతారు. ఆ ఊళ్ళో మే నెల రెండో ఆదివారం చేపల పండగ చేస్తారు. 1952లో మొదలైంది. దాదాపు 4 మీటర్ల వెడల్పున్న మూకుట్లో చేపలు వేయించి అందరికీ పంచుతారు. పాత మూకుళ్ళను ఊళ్ళో గోడకు తగిలించారు. అది చూసి, దీన్ని తోమేది ఎవరండీ అని అడిగాను మావారిని!

కమోలి అన్న పేరుకు అక్కడివాళ్ళు ఒక అర్థం చెబుతారు. వాళ్ళ భాషలో 'కాసా' అంటే ఇల్లు, 'మోలి' అంటే భార్యలు. అంటే భార్యల ఇల్లు. పండితులు వేరే వ్యుత్పత్తులు కూడా చెబుతారు లెండి. 19వ శతాబ్దంలో ఆ ఊరికి వెయ్యి తెరచాపల ఊరని పేరు. మగవాళ్ళంతా ఓడలమీద పోతే ఇల్లూ వాకిలీ, లెక్కాడొక్కా అంతా ఆడవాళ్ళే చూసుకునేవారట. ఓడ మునిగితే ఒక్క కుటుంబమే నాశనం కాకూడదని 1853లోనే ఓడల యజమానులంతా కలిసి బీమా సంఘం పెట్టుకున్నారు. మన చీటీల పద్ధతిలాగే నలుగురి సొమ్ము ఒకరి కష్టానికి అన్నమాట. ఆ పేరు అర్థం వినగానే నాకు ఊరు చుట్టాలింటిలా తోచింది.

అక్కడినుంచి పడవలో అరగంట ప్రయాణం. 600 మీటర్లు దాటిన పోర్తోఫీనో కొండ సముద్రంలోకి చొచ్చుకొచ్చింది. ఆ కొండ చుట్టూ తిరిగి వెళితే, దక్షిణం వైపు, దోసిలి పట్టినట్టు ఒక చిన్న మలుపు. అదే సాన్ ఫ్రుత్తువోజో. కారు వెళ్ళే దారి లేదు. పడవలో రావాలి, లేదా అడవిదారిన నడిచి రావాలి. మూడువైపులా పైన్ చెట్ల కొండ. మధ్య ఒక పాత మఠం. దాని కమానుల ముందు చిన్న గులకరాళ్ళ ఒడ్డు. నాలుగిళ్ళు, రెండు భోజనశాలలు. అంతే ఊరు.

నీళ్ళు చూద్దును కదా, కాకరాకు పచ్చని నీళ్ళలో అడుగునున్న రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. అల అన్నది లేదు. పళ్ళెంలో నీళ్ళు కదిలినట్టు ఒడ్డును తాకి వెనక్కి పోతున్నాయి. మన బంగాళాఖాతంలో వేల మైళ్ళనుంచి గాలి తోసుకొచ్చిన అల ఒడ్డున విరుచుకు పడుతుంది. మధ్యధరా సముద్రం చుట్టూ భూమే. మహాసముద్రానికి దానికి దారి జిబ్రాల్టర్ దగ్గర 14 కిలోమీటర్ల సందు మాత్రమే. అందుకని అక్కడ ఆటుపోటులు కూడా తక్కువ. ఈ తీరాన తేడా దాదాపు ఒక అడుగు. పైగా ఉత్తరపు గాలిని కొండ ఆపేస్తుంది. కాని నైరుతిగాలి వీచిందంటే ఇదే సముద్రం వేరే మనిషైపోతుంది. ఆ రోజుల్లో పడవలు నడపరు.

ఆ నీరు మన సముద్రంకన్నా ఉప్పన. మధ్యధరాలో లీటరు నీటికి 38 గ్రాముల దాకా ఉప్పుంటుంది. ఎండకు ఆవిరైపోయే నీరు ఎక్కువ, నదులు తెచ్చిపోసేది తక్కువ కాబట్టి. మన బంగాళాఖాతానికి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తీపినీరు తెచ్చి కలుపుతాయి. పులుసులో నీళ్ళు పోసి పలచన చేసినట్టు! ఉప్పు ఎక్కువైనకొద్దీ మనిషి నీళ్ళమీద తేలడం సులువు.

ఒడ్డున ఒకచోట ఎండిన నాచులా చిక్కులుపడిన ఆకులున్నాయి. చెత్త ఎత్తరేమని విసుక్కోబోయాను. అది నాచు కాదట, పొసిడోనియా అనే గడ్డి. నీళ్ళ అడుగున పెరిగి, పూసి కాసే నిజమైన మొక్క. ఆ గడ్డిలోనే చేపలు పిల్లల్ని పెంచుకుంటాయి. ఎండి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆకుల పొర ఇసక కోసుకుపోకుండా కాపాడుతుందట. లంగర్లు వేస్తే ఆ గడ్డి తెగిపోతుందని కొన్ని చోట్ల పడవలు నిలపనివ్వరు. 1999నుంచి ఆ కొండ చుట్టూ ఉన్న సముద్రం రక్షిత ప్రాంతం.

మఠం వెయ్యేళ్ళనాటిది. దాని పక్క గదుల్లో దోరియా వంశంవారి పాలరాతి సమాధులున్నాయి, తెలుపూ బూడిదరంగూ చారల కమానుల కింద. సముద్రపు దొంగల భయానికి 1562లో ఆ వంశంవారే పైన కాపలా బురుజు కట్టించారు. తరవాత తరవాత చేపలు పట్టేవాళ్ళు మఠంలోనే కాపరముండి, కమానుల కింద పడవలు పెట్టుకునేవారు. 1915లో కొండమీదనుంచి వరదొచ్చి మఠం ముందుభాగాన్ని కూల్చేసింది. ఆ రాళ్ళూ మట్టీ కొట్టుకొచ్చి మేట వేసినదే ఇప్పుడు మనం కూర్చునే ఒడ్డు. ఒకనాటి నష్టంమీద ఈనాడు పిల్లలు ఆడుకుంటున్నారన్నమాట.

ఆ సమాధుల దగ్గర ప్రభువుల పేర్ల మధ్య ఒక మామూలు స్త్రీని కూడా పెట్టారు. ఆమె పేరు మరియా అవేన్యో. చేపలు పట్టేవారి ఇంటి ఆడపడుచు, పిల్లల తల్లి. 1855 ఏప్రిల్ 24న క్రైమియా యుద్ధానికి సైనికులను తీసుకెళ్తున్న 'క్రీసస్' అనే ఆంగ్లేయుల ఓడకు నిప్పంటుకుంది. నాయకుడు దాన్ని ఈ మలుపులోకి తెచ్చాడు. సైనికులు నీళ్ళలోకి దూకేస్తున్నారు. మరియా, ఆమె చెల్లెలు కాతెరీనా తమ చిన్న పడవ వేసుకుని ఎదురెళ్ళారు. కొందరిని ఒడ్డుకు చేర్చి మళ్ళీ వెళ్ళారు. ఈసారి మునిగిపోతున్నవాళ్ళు ప్రాణభయంతో అందరూ ఒక్కసారే పడవను పట్టుకున్నారు. పడవ తిరగబడింది. చెల్లెలు బతికింది. మరియా పోయింది. ఆమెకు మరణానంతరం బంగారు పతకం ఇచ్చి, దోరియా ప్రభువుల పక్కన చోటిచ్చారు.

మావారు ఇది చెబుతుంటే నేను నోట మాట లేకుండా కూర్చున్నాను. ఆమె ధైర్యం గొప్పదే. కాని నా మనసు పట్టుకున్నది వేరే. ఆమెను ముంచింది సముద్రం కాదు, భయం. భయపడ్డవాళ్ళు చెయ్యిచ్చినదాన్నే పట్టుకుని కిందికి లాగారు. మూడేళ్ళుగా మా అమ్మాయి ఈత నేర్చుకుంటానని అడుగుతోంది. మూడేళ్ళుగా ఏదో వంక పెట్టి నేను ఆపుతున్నాను. జలుబు చేస్తుందని ఒకసారి, జుట్టు పాడవుతుందని ఒకసారి, ఆడపిల్లకెందుకని ఇంకోసారి. అసలు కారణం నా భయం. నేనూ ఆ పడవను పట్టుకుని వేలాడుతున్నదాన్నే కదా అనిపించింది.

లేచి చీర కుచ్చిళ్ళు దోపుకుని నీళ్ళ దగ్గరకి నడిచాను. గులకరాళ్ళు అరికాళ్ళను పొడుస్తున్నాయి. చీలమండ, పిక్క, మోకాలు. నీరు చల్లగా ఉంది. గుండె దడదడలాడింది. పక్కనే ఒక ముసలావిడ మనవణ్ణి ఆడిస్తూ ఉంది. నా వాలకం చూసి ఏమనుకుందో, దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకు రాదు. ఇంకో రెండడుగులు తీసుకెళ్ళి నిలబెట్టింది. చిన్న చేపలొచ్చి నా కాళ్ళచుట్టూ తిరిగాయి. ఒడ్డునుంచి మావారు "ఏమోయ్, చీర తడుస్తోంది" అన్నారు. "తడవనివ్వండి" అన్నాను.

ఆ మలుపులోనే నీళ్ళ అడుగున 17 మీటర్ల లోతున చేతులు పైకెత్తిన క్రీస్తు కంచు విగ్రహముంది. 1954లో నిలిపారు. సముద్రంలో పోయినవారి తల్లులు ఇచ్చిన పతకాలు, ఓడగంటలు కరిగించి ఆ కంచులో కలిపారట. ఎవరి మతం వారిది. కాని పోయిన బిడ్డ పతకాన్ని నీటి అడుగున దాచుకున్న తల్లుల్ని తలుచుకుని నేనూ చేతులు జోడించాను. మా వీధి కుర్రాడి తల్లి గుర్తొచ్చింది.

మధ్యాహ్నం పులిహోర తిన్నాం. భోజనశాలలో పక్కవాళ్ళు తింటున్న పచ్చటి ముద్ద ఏమిటని విచారించాను. పెస్తో అట. తులసి జాతి ఆకు, వెల్లుల్లి, పైన్ గింజలు, జున్ను, ఆలివ్ నూనె కలిపి రాతి రోట్లో నూరతారు. ఆ ఆకు ఏదో కాదు, మనం వేసవిలో షర్బత్తులో వేసుకునే సబ్జా గింజల మొక్కదే. రోటి పచ్చడి ఏ దేశమైనా రోటి పచ్చడే!

వెళ్ళేవాళ్ళకు రెండు మాటలు. రాళ్ళ ఒడ్డు కనుక రబ్బరు చెప్పులు మరవకండి. ఆఖరి పడవ ఎప్పుడో దిగగానే కనుక్కోండి. జూలై, ఆగస్టుల్లో జనం కిక్కిరిసి ఉంటారు. వేసవి ముందుగానో తరవాతనో, పొద్దున్నే వెళితే ఆ నిశ్శబ్దం దక్కుతుంది.

ఇక వెళ్ళనివాళ్ళకు, అంటే మనలో చాలామందికి, ముఖ్యమైన మాట. ఆ సముద్రం చూసొచ్చి మన సముద్రంలో దిగమని నేను చెప్పడం లేదు. మన తీరంలో అల వెనక్కి పోయేటప్పుడు మనిషిని లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. హెచ్చరిక బోర్డు ఉన్నచోట దిగవద్దు. లాగేస్తున్నప్పుడు ఒడ్డుకు ఎదురీదితే అలసిపోవడమే. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. ఈత రానివాళ్ళు మునుగుతున్నవాళ్ళ కోసం దూకకండి. తాడో, చీరో, తేలే డబ్బానో విసరండి, కేకవేసి మనుషుల్ని పిలవండి. ఈత నేర్పించేది కొలనులో, నేర్పేవాళ్ళ సమక్షంలో.

నేను తిరిగొచ్చిన వారంలోనే మా అమ్మాయిని ఈతకు చేర్పించాను. మా అత్తగారు "నువ్వేనా ఈ మాట అంటున్నది" అని ఆశ్చర్యపోయారు. మొదటి రోజు కొలను గట్టున కూర్చుని, అది నీళ్ళలో తల ముంచినప్పుడల్లా నేను ఊపిరి బిగపట్టాను. ఇప్పుడది ఈ చివరినుంచి ఆ చివరికి ఈదుతుంది. నేనింకా గట్టుమీదే ఉన్నాను. కాని కేకవెయ్యడం మానేశాను.

సెలవు.